దొరసాని పతకం

ఆ ఇంట్లో మూడువందల పదిహేడు అనే అంకెకున్న గౌరవం ఇంటిపెద్దకు కూడా ఉండేది కాదు. గేటు మీద ఇనప అంకెలతో అదే. బుల్లి పెదనాన్న స్కూటరు నంబరులో చివరి మూడంకెలూ అవే. ఆ నంబరు కోసం ఆయన ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఆయన పెట్టె తాళానికి రహస్య సంఖ్య కూడా అదే కాబట్టి ఆ పెట్టెలో రహస్యాలేవీ నిలిచేవి కావు. రైలు టిక్కెట్టు మీద ఆ మూడంకెలూ ఎక్కడైనా కనబడితే చాలు, ప్రయాణం సాంతం నిలబడి చేసినా సుఖంగా జరిగిందనేవాడు.

అది తాతయ్య సైన్యం నంబరని ఇంట్లో వాళ్ళ లెక్క. అద్దాల బీరువాలో ఉన్న పతకం అంచు మీద చిన్న అంకెలతో చెక్కి ఉంది. పతకం ఎవరిదో వాళ్ళ నంబరే అంచు మీద చెక్కుతారని పెదనాన్న ఎక్కడో చదివాడు. చదివింది నిజమే. తాతయ్య పింఛను పుస్తకంలో ఇంకేదో ఆరంకెల నంబరుందే అని ఎవరైనా అడిగితే, "పింఛను నంబరు వేరు, పరాక్రమం నంబరు వేరు" అని కొట్టిపారేసేవాడు.

"ఒరేయ్, అది నా నంబరు కాదురా," అన్నాడు తాతయ్య, గేటుకు అంకెలు బిగిస్తున్న రోజున, నిచ్చెన పట్టుకుని కింద నిలబడి. "దొరసానిది."

"మీరు ఊరుకోండి నాన్నా," అన్నాడు పెదనాన్న నిచ్చెన మీంచి. "ఒకరు గొప్పవాళ్ళయ్యారంటే ఇంట్లోవాళ్ళు చెప్పుకోబట్టే. తమంతట తాము కాలేదు ఎవరూ."

దొరసాని అంటే ఒక కంచరగాడిద. బండి ఎక్కలేని కొండదారుల్లో సైన్యానికి సరుకు మోసే జంతువు. తాతయ్య ఇరవై రెండేళ్ళ కొలువులో తుపాకీ పట్టింది శిక్షణలో ఉన్న ఎనిమిది నెలలే. మిగతా కాలమంతా పట్టింది పగ్గం. పిండి బస్తాలు, నూనె డబ్బాలు, తూటాల పెట్టెలు, ఉత్తరాల సంచులు దొరసాని వీపు మీద కట్టి పైశిబిరాలకు చేర్చడం ఆయన పని. ఆ పనిలో మొదటి పాఠం ఒకటే: రెండు పక్కలా బరువు సమంగా ఉండాలి. ఒక పక్క అరవీసె ఎక్కువైనా సాయంత్రానికి దాని వీపు పుండవుతుంది. కొలువు వదిలి ఇంటికొచ్చినా తాతయ్యకు ఆ పాఠం వదల్లేదు. రోడ్డు మీద ఎవరైనా ఒక చేత్తో నిండు సంచీ, రెండో చేత్తో వట్టి గాలీ పట్టుకుని పోతుంటే ఆపేసేవాడు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళ సంచుల్లోంచి కూరగాయలు తీసి రెండు సంచుల్లోకి సర్దేవాడు. వాళ్ళు మొదట దొంగ అనుకునేవాళ్ళు, తర్వాత పిచ్చివాడనుకునేవాళ్ళు, ఇంటికి చేరాక భుజం నొప్పి లేదని గమనించి మంచివాడనుకునేవాళ్ళు.

ఆయన ముందు ఎవర్నీ గాడిదా అని తిట్టకూడదు. పెదనాన్న ఒకసారి ఆఫీసులో బంట్రోతును తలుచుకుని "అడ్డగాడిద" అన్నాడు. తాతయ్య అన్నం ముందు నుంచి తలెత్తి, "వాడికంత యోగ్యత ఎక్కడిదిరా?" అన్నాడు.

ఇక పతకం సంగతి. ఎవరు అడిగినా తాతయ్య ఒకటే చెప్పేవాడు, ఒక్క అక్షరం మార్చకుండా.

"పట్టపగలు. అయినా పొగమంచు. పైనుంచి కాల్పులు. నా ముందున్న రాయి పగిలింది. పగ్గం వదిలేసి పక్కనున్న గుంటలోకి దూకాను. తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. దొరసాని వెనక్కి తిరిగి ఒక్కసారి చూసింది, సరేలే నువ్వు కూర్చో అన్నట్టు. నాలుగు తూటాల పెట్టెలు వీపు మీద పెట్టుకుని ఒక్కతే కొండెక్కింది. పైన వాళ్ళకు తూటాలు అయిపోయి ఉన్నాయి. పతకం దానికిచ్చారు. నాకు నాలుగు రోజులు మరుగుదొడ్లు కడిగే శిక్ష వేశారు. ముసలిదై చచ్చిపోయేటప్పుడు నా ఒళ్ళోనే పోయింది. దాని పతకం నన్ను ఉంచుకోమన్నారు. ఉంచుకున్నాను."

ఈ మాట ఆయన క్షౌరశాలలో చెప్పాడు. పోస్టాఫీసు వరసలో చెప్పాడు. పెదనాన్న స్నేహితులు చూడ్డానికొస్తే చెప్పాడు. విన్నవాళ్ళందరూ చేతులు జోడించి, "ఎంత వినయమండీ మీది!" అనేవాళ్ళు. ఇంతటి వీరుడు తన గొప్ప ఒక గాడిదకు అంటగడుతున్నాడంటే ఆ గుంటలో ఇంకెంత సాహసం జరిగిందోనని ఊహించుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళు. గెలిచానని చెప్పేవాణ్ణి లోకం సాక్ష్యం అడుగుతుంది. దాక్కున్నానని చెప్పేవాడు సాక్ష్యం తెచ్చి ముందు పెట్టినా నమ్మదు.

నమ్మింది ఒక్కతే. మనవరాలు బుల్లి, తాతయ్య చిన్నకొడుకు కూతురు. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. తాతయ్య మెత్తని గుడ్డతో పతకం తుడుస్తుంటే పక్కన కూర్చుని కథంతా వింది.

"భయమేసిందా తాతయ్యా?"

తాతయ్య చెయ్యి ఆగింది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన కథ చెబుతున్నాడు. ఆ ముక్క ఎవరూ అడగలేదు.

"వేసింది."

"ఎంత?"

"ఈ కాళ్ళు నావి కావన్నంత."

"తర్వాత?"

"తర్వాత సిగ్గేసింది. అది ఇంకా పోలేదు."

"నాకు లెక్కల మేస్టారంటే అలాగే ఉంటుంది," అంది బుల్లి.

తాతయ్య దాని తల నిమిరాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ జట్టు కుదిరింది. బుల్లి మాటకారి కాదు. నలుగురిలో ఉంటే ఉన్నట్టు కూడా తెలియదు. అలాంటి దాని దగ్గర తాతయ్యకు ఎక్కడలేని మాటలూ వచ్చేవి.

ఆస్పత్రిలో ఆఖరి వారం, సెలైను ఎక్కుతున్న చేత్తోనే దాని మణికట్టు పట్టుకున్నాడు.

"నే పోయాక మీ పెదనాన్న నన్ను వీరుణ్ణి చేసేస్తాడే బుల్లీ. ఉన్నన్నాళ్ళూ అడ్డం పడ్డాను. ఇంక నువ్వు చూసుకోవాలి."

"సరే తాతయ్యా."

"ఒట్టి సరే కాదు. పతకం ఎవరిదో వాళ్ళదని చెప్పాలి. నేను దాక్కున్నానని చెప్పాలి. ఇంతమందికి చెప్పాను, ఒక్కడూ పుచ్చుకోలేదు."

"చెప్తాను," అంది బుల్లి. సభలో పేరడిగితేనే గొంతు పెగలని పిల్ల అది. ఆ మాట ఎలా ఇచ్చిందో దానికే తెలియదు.

తాతయ్య పోయి మూడు నెలలు తిరక్కముందే ఆయన చెప్పినట్టే జరిగింది. పెదనాన్న పురపాలక కార్యాలయంలో హెడ్డు గుమాస్తా. ఫైలు కదపాలన్నా కదలకుండా చెయ్యాలన్నా ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. గ్రంథాలయంలో కొత్తగా కట్టిన చదువుకునే గదికి తాతయ్య పేరు పెట్టించాడు. గోడకు ఇత్తడి ఫలకం, ఆవిష్కరణకు సభ, ముఖ్య అతిథిగా మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు కర్నలుగారు. అన్నీ కుదిరాయి. ఫలకం చెక్కేది మాత్రం బుల్లి.

బుల్లి పని చేసేది బోర్డులు, రబ్బరు స్టాంపులు, నేమ్‌ప్లేట్లు చేసే దుకాణంలో. ముందు గదిలో ఓనరు, అద్దం బల్ల, నమూనాలు. వెనక గదిలో బుల్లి, చెక్కుడు యంత్రం. ఆ యంత్రానికి రెండు చేతులు. ఒక చేతి చివర సూదిని పెద్ద అక్షరాల అచ్చులో నడుపుతుంటే, రెండో చేతి చివర మర ఇత్తడి రేకు మీద అదే అక్షరాన్ని చిన్నదిగా తొలుస్తుంది. చెయ్యి వణికితే రేకు పాడు. చెక్కడం అయ్యాక గాట్లలో నల్లరంగు నింపి, ఆరనిచ్చి, పైన అంటినదంతా తుడిచెయ్యాలి. వైద్యులు, వకీళ్ళు, వాళ్ళ పేర్ల వెనక అక్షరాల తోకలు, అన్నీ దాని చేతి కిందే తెగుతాయి. "రేకు మీద పడిన అక్షరం, నోట్లోంచి జారిన మాట ఒకటేనమ్మా," అంటాడు ఓనరు, ఏ తప్పు జరిగినా జరక్కపోయినా.

పెదనాన్న కాగితం తెచ్చి అద్దం బల్ల మీద పరిచాడు. "శత్రువుల కాల్పులను తృణప్రాయంగా ఎంచి, తూటాల పెట్టెలతో ఒంటరిగా కొండ నధిరోహించి, వీరపతకం పొందిన 317వ నంబరు యోధుడు..." అలా తొమ్మిది వరసలు.

బుల్లి చదివింది. మళ్ళీ చదివింది.

"పెదనాన్నా, ఒంటరిగా ఎక్కింది దొరసాని కదా?"

"మొదలెట్టావా?"

"తాతయ్యే చెప్పారు కదండీ."

"తాతయ్య లక్ష చెప్తారే. గొప్పవాళ్ళు అలాగే చెప్తారు. వాళ్ళు చెప్పిందల్లా రాసేస్తే ఇంక మనం ఎందుకు?" అన్నాడు పెదనాన్న. తర్వాత కాస్త తగ్గి, "చూడమ్మాయ్, ఫలకం మీద గాడిద పేరు పడితే రేపు నేను ఆఫీసుకెలా పోతాను? నా వెనక ఏమనుకుంటారు?" అన్నాడు.

అప్పుడే ఇంకో చిక్కు వచ్చి పడింది. పతకానికి ధ్రువపత్రం నకలు కావాలంది గ్రంథాలయం కమిటీ. పెదనాన్న 317 నంబరు వేసి సైనికుల సంఘానికి అర్జీ పెట్టాడు. వారం తర్వాత జవాబు వచ్చింది: ఆ నంబరుతో సైనికుడెవరూ లేడు, పతకం తీసుకుని స్వయంగా రావలెను.

పెదనాన్న కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. "లేడంటే? నలభయ్యేళ్ళుగా గేటు మీద ఉంటేను!" ఒక్కడే వెళ్ళడానికి ధైర్యం చాలక బుల్లిని వెంటబెట్టుకున్నాడు.

సంఘం ఆఫీసులో ఒకటే పెద్ద గది. దాని వెనక కర్నలుగారి చిన్న గది, సగం తలుపుతో. పెద్ద గదిలో ఒక ముసలి గుమాస్తా, చుట్టూ నేల నుంచి కప్పుదాకా పుస్తకాలు. ఆయన పతకం చేతిలోకి తీసుకుని, భూతద్దం పెట్టి అంచు చూసి, "ఉండండి" అని లేచి ఇంకో బీరువా తెరిచాడు. అట్ట ఊడిన పొడుగాటి పుస్తకం తెచ్చి దుమ్ము దులిపాడు.

"ఇదిగో, ఉంది. మూడువందల పదిహేడు."

"నే చెప్పలా!" అన్నాడు పెదనాన్న, బుల్లి వంక గెలిచినట్టు చూసి. "చదవండి, చదవండి."

గుమాస్తా వేలు పెట్టి చదివాడు. "రంగు: ముదురు గోధుమ."

"నాన్నగారు చామనచాయేలెండి. ఎండలో నల్లబడి ఉంటారు."

"ఎత్తు: పదమూడు బెత్తెలు."

"అంటే?"

"ఇదిగో, ఇంత," అని గుమాస్తా తన ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు.

"మా నాన్న ఆరడుగులండీ!"

"వయసు: ఏడు. లింగం: ఆడ. స్వభావం: మొండి. వెనక నుంచి పోరాదు, తన్నును. అపరిచితులను కరచును."

"మా నాన్న కరవడమేమిటి?" అన్నాడు పెదనాన్న, మిగతా వాటికి జవాబు దొరక్క.

"ఇది జంతువుల రిజిస్టరండీ," అన్నాడు గుమాస్తా మెల్లగా. "ఇది డెక్క మీద వేసే నంబరు." ఆ తర్వాత పేజీ చివరి వరసలు కూడా చదివాడు. ఆయన తప్పు కాదు, చదవమన్నారు కాబట్టి చదివాడు. "కాల్పుల నడుమ, తోలువాడు లేకుండా, నాలుగు పెట్టెలతో ఒంటరిగా పైశిబిరము చేరినందుకు పతకము. తోలువాడు సమీపమున గుంటలో దొరికెను. తోలువానికి నాలుగు రోజులు శిక్ష."

పెదనాన్న ఆ పేజీ మీదికి వంగాడు. తోలువాడి పేరుండే గడిలో ఆయన నాన్న పేరు, పొందికైన చేతిరాతతో ఉంది.

అంతలో సగం తలుపు తోసుకుని కర్నలుగారు బయటికొచ్చాడు. కోటు మీద మూడు వరసల పతకాలు, బిరుసు మీసం, కవాతు మైదానానికి సరిపోయే గొంతు. "వీరుడి బిడ్డ మీరేనా! సంతోషం! సభకు తప్పక వస్తాను. సైనికుడి మెదడులో భయానికి చోటే ఉండదని ఈ కాలపు పిల్లలకు చెప్పాలి మనం. ఏమ్మా?"

ఏమ్మా అన్నది బుల్లిని. బుల్లి తల వంచుకుంది. పెదనాన్న చటుక్కున రిజిస్టరు మూసి దాని మీద మోచెయ్యి ఆనించాడు. "తమరి దయ," అన్నాడు.

బయటికొచ్చాక ఆయన స్కూటరు చివరి మూడంకెలు చూసి ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. ఇంటి మలుపు దగ్గర ఆపి, "నలభయ్యేళ్ళు నాతో గాడిద నంబరు మోయించాడే," అన్నాడు.

"ఆయన వద్దనే అన్నారు కదండీ," అంది బుల్లి.

పెదనాన్న స్కూటరు దిగి, "ఆ తొమ్మిది వరసలూ తీసెయ్," అన్నాడు. "పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, మాజీ సైనికుడు. అంతే. పతకం ఊసొద్దు. గుంట ఊసు అసలే వద్దు. పోయినవాడి పరువు మన చేతుల్లో ఉంది. నువ్వు నోరు మెదిపావంటే నీకూ నాకూ మాటల్లేవు, ఏమనుకున్నావో!"

బుల్లి ఆ సాయంత్రం నానమ్మ దగ్గర కూర్చుంది. నానమ్మ బటానీలు ఒలుస్తోంది. ఆఫీసులో జరిగిందంతా విని, ఒలవడం ఆపకుండానే, "ఇప్పటికి తెలిసిందా వాడికి?" అంది.

"నీకు తెలుసా నానమ్మా?"

"తెలియకేం? అది నాకు సవతి కదటే! పెళ్ళైన కొత్తలో సెలవుకొస్తే రాత్రీ పగలూ దాని కబుర్లే. దొరసానికి ఈ మేత ఇష్టం, దొరసాని ఇలా చూస్తుంది, దొరసాని నా అడుగు చప్పుడు గుర్తుపడుతుంది. నేను గాజులు ఘల్లుమనిపిస్తూ ఎదురుగా తిరిగితే తల ఎత్తేవాడు కాదు మీ తాత. అది చచ్చిపోయిందని రాసిన ఉత్తరం చూడాలి, అక్షరాలన్నీ కన్నీళ్ళకు అలికిపోయి ఉన్నాయి. నేను పోయినా అంత ఏడ్చేవాడు కాదు." నానమ్మ తొక్కలు విదిలించింది. "దాక్కున్న సంగతీ చెప్పాడు, మొదటి వారంలోనే. నేనేమన్నానో తెలుసా? పోనిద్దురూ, ఎవరితోనూ అనకండి అన్నాను. భర్త కదా, పరువు కదా అనుకున్నాను. ఇంకెప్పుడూ నాతో ఆ మాటెత్తలేదు. ఊరందరికీ చెప్పుకున్నాడు."

గింజలు గిన్నెలో రాలుతున్నాయి.

"పెదనాన్న వద్దన్నారు. నేను తాతయ్యకు మాటిచ్చాను," అంది బుల్లి.

"వాడికి నువ్వు మాటివ్వలేదుగా!" అంది నానమ్మ. "చెక్కు. సవతిదైనా న్యాయం న్యాయమే."

బుల్లి రెండు రోజులు ఆ రేకు మీద పని చేసింది. మొదటి రోజంతా అక్షరాలు అమర్చడానికే సరిపోయింది. రెండు పక్కలా బరువు సమంగా ఉండాలి కదా, ఎడమ పక్క దొరసాని ఉంటే కుడి పక్క తాతయ్య. యంత్రం ఒక్కో అక్షరం తొలుస్తుంటే ఇత్తడి సన్నని పొట్టులా లేచి దాని ముంజేతి మీద పడుతూ ఉంది. "గుంట" అన్న మాట దగ్గర చెయ్యి ఆపింది. ఇక్కడిదాకా వచ్చాక కూడా వెనక్కి తిరగొచ్చు. ఇంకో రేకు ఉంది. పెదనాన్న ఊరికే అరిచే మనిషి కాదు, మాట్లాడనంటే మాట్లాడడు. ఆయనకు తమ్ముడైన తన తండ్రి అన్న మాటకు అడ్డు చెప్పి ఎరుగడు. ఇంట్లో తను ఒక్కతే అయిపోతుంది. ఒక్కతే అనుకోగానే, నాలుగు పెట్టెలతో కొండెక్కినది కూడా ఒక్కతేనని గుర్తొచ్చి దానికి నవ్వొచ్చింది. సూదిని ముందుకు నడిపింది. ఓనరు వచ్చి భుజం మీంచి చదివి, ఈసారి సామెత ఏదీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున వడ్రంగి ఫలకాన్ని పాత కాగితాల చుట్టతోనే గోడ దగ్గరికి తెచ్చి, నాలుగు మరలు బిగించి, పైన గుడ్డ కప్పాడు. పెదనాన్న కుర్చీలు లెక్క పెట్టుకునే హడావుడిలో ఉన్నాడు. నాలుగు వరసల ఫలకంలో చూసేదేముంది?

గది నిండింది. క్షౌరశాల వాళ్ళు, పోస్టాఫీసు వాళ్ళు, తాతయ్య సంచులు సర్దిపెట్టిన ఆడవాళ్ళు కొందరు. నానమ్మ ముందు వరసలో. లైబ్రేరియన్ స్వాగతం చెప్పాడు. కర్నలుగారు లేచి గుడ్డ లాగి, ఆ కవాతు గొంతుతో పైకి చదవడం మొదలుపెట్టాడు. పేరు చదివాడు. తేదీలు చదివాడు. పెదనాన్న తల పంకించాడు. కర్నలుగారు ఆగలేదు, ఇంకా అక్షరాలున్నాయి.

"ఈయన పేరు మీద చెప్పుకునే పతకం దొరసాని అనే కంచరగాడిదది. కాల్పుల నడుమ తూటాల పెట్టెలతో అది ఒంటరిగా కొండ ఎక్కింది. ఆ వేళ ఈయన గుంటలో దాక్కున్నాడు. భయం వేసిందని ఈయనే చెప్పాడు. నలభై ఏళ్ళ పైన అందరికీ చెప్పాడు."

చివరికొచ్చేసరికి ఆ గొంతు కవాతు మైదానంలోంచి మామూలు గదిలోకి దిగిపోయింది. పెదనాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. బుల్లి గోడకు ఆనుకుని, కాళ్ళు తనవి కానట్టు నిలబడి ఉంది.

లైబ్రేరియన్ లేచాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. "ఆహా!" అన్నాడు. "ఇదీ వినయమంటే! పోయాక కూడా తన గొప్ప ఒక మూగజీవికి ఇచ్చేసిన మహానుభావుడు!"

చప్పట్లు మొదలయ్యాయి. గది దద్దరిల్లింది. క్షౌరశాల ఆయన తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు. "మాతోనూ ఇలాగే అనేవారు, గాడిదని, గుంటని!" అన్నాడు పక్కవాళ్ళతో. దొరసాని అంటే జంతువు కాదనీ, ఏదో రహస్య దళం మారుపేరై ఉంటుందనీ పోస్టాఫీసు ఆయన వివరిస్తున్నాడు.

పెదనాన్న చప్పట్లు వింటూ మెల్లగా నిటారయ్యాడు. మొహంలోకి రంగు తిరిగొచ్చింది. చేతులు జోడించి, "నాన్నగారి ఆఖరి కోరిక," అన్నాడు. "మా అమ్మాయి చేత నేనే రాయించాను."

అప్పుడు బుల్లి నోరు విప్పింది. నలుగురిలో అది మాట్లాడగా అందరూ వినడం అదే మొదటిసారి.

"వినయం కాదండీ. నిజంగానే దాక్కున్నారు. ఆయనకు చాలా భయమేసింది."

గదంతా ముచ్చటపడి నవ్వింది.

"తాతకు తగ్గ మనవరాలు!" అన్నాడు లైబ్రేరియన్. మళ్ళీ చప్పట్లు.

బుల్లికి ఏడుపొచ్చింది. ఇచ్చిన మాట రేకు మీద చెక్కింది, నోటితో చెప్పింది. ఇంతకంటే ఏం చెయ్యాలో దానికి తెలియదు. తాతయ్య నలభై ఏళ్ళు ఏ గోడకు తల కొట్టుకున్నాడో ఆ గోడకే తను ఇత్తడి రేకు బిగించింది. నానమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఫలకం వంకే చూస్తూ, పెదవులు కదుపుతూ, మొదటి నుంచి చివరిదాకా కూడబలుక్కుని చదువుకుంటోంది.

సభ ముగిసింది. జనం టీ కోసం వరండాలోకి పోయారు. బుల్లి ఒక్కతే కుర్చీలు మడుస్తోంది. అప్పుడు చూసింది, కర్నలుగారు వెళ్ళలేదు. ఫలకం ముందే నిలబడి ఉన్నాడు. సభలో ఆయన మాట్లాడాల్సిన ఉపన్యాసం కూడా మాట్లాడలేదని దానికి అప్పుడు తట్టింది. గొంతు బాగాలేదని కూర్చుండిపోయాడు.

"అమ్మాయ్."

"ఏమండీ?"

"నిజంగానే దాక్కున్నాడా?"

బుల్లి ఆయన మొహంలోకి చూసింది. అందులో మెచ్చుకోలు లేదు.

"దాక్కున్నారండీ."

"ఎంతసేపు?"

"మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా అన్నారు."

కర్నలుగారు వరండా వంక చూశాడు. ఎవరూ ఇటు రావడం లేదు. కోటు మీద మొదటి వరసలో, మొదటి పతకాన్ని బొటనవేలితో నొక్కిపట్టుకున్నాడు.

"నేను రెండు రోజులు," అన్నాడు. "ఒక పాడుబడ్డ ఇంట్లో, ధాన్యం బస్తాల వెనక. మూడో రోజు మావాళ్ళొచ్చి చూస్తే ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఒంటి చేత్తో ఆ ఇంటిని కాపాడానన్నారు. నాకు ఇరవై రెండేళ్ళు. కాదని చెప్పడానికి నోరు రాలేదు." ఆయన మీసం కదిలింది. "మీ తాతకు నోరొచ్చింది."

బుల్లి ఏం చెయ్యాలో తెలియక, మడిచిన కుర్చీ మళ్ళీ తెరిచి ఆయన వెనక పెట్టింది. ఆయన కూర్చున్నాడు, బరువు దించినట్టు.

"ఎవరితోనూ అనకమ్మా."

"అన్నా నమ్మరండీ," అంది బుల్లి. "వినయం అంటారు."

కర్నలుగారు గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఫలకం మీద ఒక మాట దగ్గర వేలు పెట్టి, "ఈ దొరసాని," అన్నాడు, "ఎలా ఉండేది?"

బుల్లి ఇంకో కుర్చీ తెరిచి ఆయన ఎదురుగా వేసుకుంది.

"మహా మొండిదటండీ," అని మొదలుపెట్టింది.